వాయించేది ఒక్కసారే

మనసు పెట్టి వాయించిన టేక్ మళ్లీ రాదు. దానికి నప్పే ఆంప్ ధ్వనిని మాత్రం తీరిగ్గా వెతుక్కోవచ్చు. ఇంట్లో స్టూడియో పెట్టుకున్నవాళ్లకు రీఆంపింగ్ ఇచ్చిన వరం ఇదే.

ముందు గిటార్‌ను నేరుగా రికార్డింగ్‌కు కలిపే డీఐ బాక్స్ ద్వారా ఎలక్ట్రిక్ గిటార్ సిగ్నల్‌ను ఏ హంగూ లేకుండా రికార్డు చేస్తారు. తర్వాత ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి వచ్చే ఆ సిగ్నల్ స్థాయిని రీఆంప్ బాక్స్ తగ్గించి, ఇంపెడెన్స్ పెంచి, గిటార్ నుంచే వస్తున్నట్టుగా ఆంప్‌కు అందిస్తుంది. దీనికంటూ ప్రత్యేక పరికరం తయారుచేసి ప్రాచుర్యం తెచ్చినవాడు అమెరికన్ ఇంజనీరు జాన్ క్యూనిబర్టీ.

అసలు నేర్పు ఆంప్ ముందు పెట్టే మైకు దగ్గర తెలుస్తుంది. 1965లో వచ్చిన ష్యూర్ ఎస్ఎం57 మైకును స్పీకర్ కోన్ నడిమధ్యకు గురిపెడితే ధ్వని పదునుగా వస్తుంది. అంచువైపు జరిపితే మెత్తబడుతుంది. అంగుళం తేడాకే పాట రంగు మారుతుంది. ఆ అంగుళాన్ని ఓపిగ్గా వెతికేవాళ్లకు జోహార్లు. మీరూ రికార్డు చేసేటప్పుడు శుభ్రమైన డీఐ ట్రాక్ ఒకటి తప్పక దాచుకోండి.