మత్తడి లేని కుండీ

ఈ వారం హన్మకొండలో రోడ్డు పక్కన సిమెంటు తులసి గద్దెలు అమ్ముతుంటే ఆగాను. కార్తీకం కదా, క్షీరాబ్ది ద్వాదశికి కొత్త గద్దె కొనేవాళ్లు చాలామందే ఉన్నారు. పసుపు రంగు, ఎర్రటి అంచులు, దీపం పెట్టుకునే గూడు, చూడముచ్చటగా ఉన్నాయి. ఒకదాన్ని బోర్లించి చూశాను. అడుగున చిల్లు లేదు. పక్కదానికీ లేదు. ఇదేంటన్నా అని అడిగితే అతను తడుముకోకుండా చెప్పాడు: "బొక్క వెడితే ఎవ్వలు కొంటలేరు సార్. నీళ్లు కారి బాల్కనీ ఖరాబైతదంటున్నరు."

నాకు కోపం వచ్చింది. కుండీకి చిల్లు ఉండాలని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. మళ్లీ రాస్తున్నాను. వేరుకు నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. ఆ గాలి మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉంటుంది. చిల్లు లేని కుండీలో నీళ్లు పోస్తూ పోతే ఆ సందులన్నీ నిండిపోయి వేరుకు ఊపిరాడదు. వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీరు తాగలేదు కాబట్టి ఆకు వాడుతుంది. ఆకు వాడిందని మనం ఇంకో చెంబు పోస్తాం. ఇళ్లలో తులసి ఎక్కువగా పోయేది ఈ రెండో చెంబుతోనే.

ఓరుగల్లు వాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా? పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద బతికినవాళ్లం. మత్తడి లేని చెరువుకు కట్ట నిలవదని మన ఊళ్లలో పిల్లలకూ తెలుసు. కుండీ కూడా చిన్న చెరువే. నిండినాక నీటికి దారి ఉండాలి.

చెరువు అన్నాక చెరువు మట్టి గురించీ చెప్పాలి. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక పూడిక మట్టిని రైతులు ట్రాక్టర్లతో చెల్కలకు తోలుకున్నారు. నీరు నిలవని ఎర్ర చెల్కకు ఆ మట్టి తేమనూ సారాన్నీ ఇస్తుంది. అది చూసి తెలిసినవాళ్లొకరు బస్తాల కొద్దీ చెరువు మట్టి తెప్పించి మిద్దె మీది కుండీలన్నీ దానితోనే నింపారు. కొత్తిమీర మొలిచింది గానీ బెత్తెడు కూడా ఎదగకుండా పసుపెక్కింది. ఒక కుండీని బోర్లించి తడితే మట్టి ముద్ద మొత్తం ఊడివచ్చింది. పైన అంగుళం మేర బురద. లోపల గోరు దిగనంత గట్టి. ఎండినప్పుడు ముద్ద ముడుచుకుని కుండీ గోడకూ దానికీ మధ్య సందు పడింది. పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచి జారి చిల్లు గుండా బయటికి పోయాయి. ముద్దను విరిచి చూస్తే నడుమ పొడిగా ఉంది.

చేనుకు మేలు చేసిన మట్టి కుండీకి చేయదు. చేనులో వానపాములు, నాగలి, లోతు ఉంటాయి. కుండీకి అవేవీ లేవు. అందుకే మట్టి ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మికంపోస్టు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు కలుపుకోవాలి. చేతిలోకి తీసుకుని పిడికిలి బిగిస్తే ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. అడుగున గులకరాళ్లు పరిచే అలవాటు మాత్రం మానేయండి. పైనున్న సన్న మట్టి నిండుగా నానేదాకా నీరు రాళ్లలోకి దిగదు. దాంతో తడి వేళ్లకు మరింత దగ్గరకొస్తుంది. చిల్లు మీద ఒక కుండ పెంకు బోర్లిస్తే చాలు.

చిల్లు గురించి ఇంత గట్టిగా చెప్పే నాకు మా నాయనమ్మ పుదీనా ఎప్పుడూ అడ్డొస్తుంది.

పరకాల దగ్గర మా ఊళ్లో, బావి పక్కన గిన్నెలు తోమే బండ ఉండేది. బూడిదతో, చింతపండు పిప్పితో తోమిన నీళ్లు సన్నటి కాలువలో పడి అరటి చెట్టు దాకా పారేవి. ఆ కాలువ ఒడ్డున పుదీనా. ఎండాకాలం పెరడంతా మాడిపోయినా అరటి నీడన అది పచ్చగా నేలంతా అల్లుకునేది. పొద్దూమాపూ తడే. అయినా కుళ్లింది లేదు. పచ్చడికి కావాల్సినప్పుడు నాయనమ్మ వేరు కదలకుండా, కణుపుకు కాస్త పైన తుంచేది. "ఎంత తుంపితే అంత ఇగురువెడ్తది బిడ్డా" అనేది. నిజమే, తుంచిన చోట కింది కణుపు నుంచి రెండు కొమ్మలు లేస్తాయి.

కొత్తిమీరను ఆ కాలువ దగ్గరికి రానిచ్చేది కాదు. దసరా దాటాక వేరే మడిలో వేసేది. ధనియాలను బండ మీద పోసి ఇటుక ముక్కతో మెల్లగా నలిపేది. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి, అవి విడిపోవాలి. పది రోజుల అటూ ఇటుగా మొలకలొచ్చేవి. సంక్రాంతి దాకా కోసి, ఎండ ముదిరి పూతకొచ్చాక దాని జోలికి పోయేది కాదు. వాము ఆకు గోడ మీద పగిలిన కుండలో ఉండేది. దానికి నీళ్లు గుర్తొచ్చినప్పుడే. కల్యామాకు చెట్టు ఎర్రటి ఎండలో ఉండేది, పులిసిన మజ్జిగ దానికే. ఒకే పెరట్లో ఒక్కో ఆకుకు ఒక్కో లెక్క.

ఇప్పుడు మన మిద్దెల సంగతి చూడండి. కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు మిద్దెతోటల గురించి పట్టుబట్టి ప్రచారం చేశాక ఎన్నో ఇళ్ల మీద ఆకుకూరలు మొలిచాయి, సంతోషం. కానీ మే నెలలో ఎండ 44 డిగ్రీలను తాకే ఊరు మనది. పొద్దున ఎనిమిదింటికి డ్యూటీకి పోయి చీకటి పడ్డాక వచ్చేవాళ్లు పోసిన నీళ్లు చిల్లులోంచి సగం పోయి, మిగిలింది మధ్యాహ్నానికే ఆరిపోతుంది. కింద కారిన మరక చూసి ఇంటి ఓనరు గొడవ పెడతాడు. కిరాయి ఇంట్లో ఉండే మనిషి "బొక్క వద్దు" అంటే అందులో మొండితనం లేదు. అతని కష్టం నిజమైనది.

మత్తడి గురించి ఆలోచిస్తుంటే అసలు సంగతి అక్కడే ఉందనిపించింది. మత్తడి చెరువు అడుగున ఉండదు. అడుగున ఉండేది తూము, దాన్ని అవసరమైనప్పుడే తెరుస్తారు. మత్తడి పైన ఉండి, నిలవాల్సిన నీటిని నిలిపి, మిగిలినదాన్నే పంపిస్తుంది. పుదీనా కుండీకి కావాల్సిందీ అదే.

అడుగు లోతున్న బకెట్టు తీసుకోండి. అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులో, పక్కకు వేలు పట్టేంత చిల్లు పెట్టండి. అడుగున ఇంకో చిల్లు పెట్టి చెక్క బిరడా బిగించండి. కొబ్బరిపొట్టు కాస్త ఎక్కువ కలిపిన మట్టిని కింది దాకా నింపండి. అడుగున నిలిచిన నీరు ఆ పొట్టు పట్టుకుని మెల్లగా పైకి పాకుతుంది, పైభాగంలో వేళ్లకు గాలీ అందుతుంది. పక్క చిల్లులోంచి నీళ్లు కనిపించగానే పోయడం ఆపాలి. అప్పుడు కింద మరకా పడదు. ఎండాకాలమంతా మా మిద్దె మీద పుదీనా ఇలాగే, పలచటి నీడలో, రోజు విడిచి రోజు నీళ్లతో నిలిచింది. జూన్‌లో వానలు పడగానే బిరడా తీసేయాలి.

తులసికి, వాము ఆకుకు, కల్యామాకుకు మాత్రం అడుగు చిల్లు తెరిచే ఉండాలి. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, పొడి తగిలితేనే నీళ్లు పోయాలి. ఏ కుండీకైనా చిల్లు తప్పదు. అది ఎక్కడ ఉండాలో మొక్కను బట్టి, నెలను బట్టి, మీరుండే ఇంటిని బట్టి తేల్చుకోండి. ఇవి కొత్తిమీర వేసుకునే రోజులు. పుదీనా బకెట్టు ఫిబ్రవరిలోగా సిద్ధం చేసుకోండి. కూరగాయల వాళ్ల దగ్గర కొన్న కట్టలోంచి నాలుగు గట్టి కాడలు ఏరి, కింది ఆకులు తీసి గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేళ్లొస్తాయి. ఎండలు ముదిరేలోపు అవి నేలను పట్టాలి.