దయ్యానికీ ఓ కట్టుబాటు

దయ్యం కథ రాయడానికి కూర్చుంటే నేను ముందు తేల్చుకునేది ఒక్కటే. ఈ దయ్యం దేనికి కట్టుబడుతుంది?

తొంభైల్లో మన పల్లెల్లో ఇంటింటి గోడ మీదా ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నారు. సుద్దతో కొందరు, బొగ్గుతో కొందరు. కర్ణాటకలో అదే పుకారు ‘నాళె బా’ అంటూ తిరిగింది. అర్ధరాత్రి వచ్చే ఆ ఆడదయ్యం అయినవాళ్ల గొంతుతో పిలుస్తుందట, పలికితే ప్రాణం పోతుందట. గోడ మీద రాత కనబడితే మాత్రం చదువుకుని వెళ్లిపోతుంది. మర్నాడు మళ్లీ వస్తుంది. మళ్లీ అదే రాత, మళ్లీ రేపు. ఎంత గొప్ప కల్పన! దయ్యానికి చదువొచ్చు, మాట మీద గౌరవముంది. ఎవరు అల్లారో తెలియని ఈ కథ ముందు మనం కష్టపడి రాసే నవలలెన్నో దిగదుడుపే.

మన తెలుగువాళ్లు రాజ్, డీకే రాసిన హిందీ సినిమా ‘స్త్రీ’ (2018) ఆ కట్టుబాటును చెడగొట్టలేదు. కథను మధ్యప్రదేశ్‌లోని చందేరీకి తీసుకెళ్లారు, గోడ మీద రాతను అలాగే ఉంచారు, ఆమె మగవాళ్లనే ఎందుకు ఎత్తుకుపోతోందో చెప్పారు. బతికుండగా మర్యాద దక్కని మనిషి ఆమె. చివరికి ఊరే రాత మార్చి, తమను కాపాడమని ఆమెను వేడుకుంటుంది. జానపదాన్ని వాడుకోవడమంటే అదీ.

తెల్లచీర, విరబోసిన జుట్టు మాత్రమే తీసుకునేవాళ్ల మీద నాకు విసుగే తప్ప కోపం లేదు. కోపమంతా చేతబడి కథల మీద. కొరివిదయ్యానికి ఇల్లూ వాకిలీ ఉండవు. ‘మంత్రగత్తె’ మాత్రం పక్క వీధిలోనే కాపురముంటుంది. తెలంగాణ పల్లెల్లో బాణామతి అనే చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల పళ్లు ఊడగొట్టారు, కొట్టి చంపారు, తగలబెట్టారు. ‘విరూపాక్ష’ (2023) సినిమా అలాంటి దహనంతోనే మొదలవుతుంది. మొగుడూ పెళ్లాల్ని ఊరంతా కలిసి తగలబెడుతుంటే నా ఒళ్లు జలదరించింది. ఆ తర్వాత కథ మాత్రం క్షుద్రవిద్య నిజంగానే పనిచేస్తుందన్న లెక్క మీద నడిచింది. ఆ లెక్క ఒప్పుకున్నాక ఊరి పాపం సగం మాఫీ అయినట్టే కదా! పట్టుగా తీసిన సినిమా కాబట్టే ఇంకా బాధ.

కొత్తగా రాస్తున్నవాళ్లకు నా విన్నపం. దయ్యాన్ని ఎంత భయంకరంగానైనా రాయండి. చేతబడి నింద కథలోకి వస్తే మాత్రం, ఆ నింద పడ్డ మనిషి ఇంట్లో కాసేపు కూర్చుని అప్పుడు రాయండి.