పటము వేరు, ప్రవాహము వేరు

మధుమేహ నేత్రవ్యాధిని గూర్చిన వ్యాసములలో "కొత్త యంత్రము నేత్రపటలములోని రక్తప్రవాహమును కొలుచును" అను వాక్యము తరచు కానవచ్చును. యంత్రము మెచ్చుకొనదగినదే. వాక్యమును మాత్రము ఒప్పుకొనుట కష్టము.

దొనకొండ రైలుస్టేషనులో నిలబడి చూచినచో పట్టాలెన్నియో, ఎటు పోవుచున్నవో తెలియును. దినమునకు ఎందరు ప్రయాణము చేయుదురో పట్టాలు చెప్పవు. కంటి విషయమును ఇంతే.

1961లో అమెరికాలో నొవోట్నీ, ఆల్విస్ అనువారు ఫ్లోరెసీన్ అను రంగును చేతిసిరలోని కెక్కించి, అది కంటిలో వెలుగుచు ప్రవహించుటను ఛాయాచిత్రములు తీసిరి. రక్తనాళములు ఎచట కారుచున్నవో, ఎచట మూసుకొనిపోయినవో వానివలన తెలియును. 1991లో వెలువడిన ఓ.సి.టి. నుండి పుట్టిన యాంజియోగ్రఫీకి సూదితో పనిలేదు. అది ఒకేచోటును కాంతితో పలుమారులు పరీక్షించి, మార్పు కనబడినచోట రక్తకణములు కదలుచున్నవని గ్రహించును. కాని మరీ మెల్లగా కదలు రక్తము దానికి కనబడదు. ఒక హద్దు దాటిన వేగములన్నియు దానికి ఒక్కటే. నాళము కారుటను అది చూపదు. కావున అది ఇచ్చునది ముఖ్యముగా పటమే.

ప్రవాహమును కొలుచుట యనగా నిమిషమునకు ఎన్ని మైక్రోలీటర్ల రక్తము పోవుచున్నదో చెప్పుట. కాలువనీటి లెక్కయే ఇది: అడ్డుకోత వైశాల్యమును వేగముతో హెచ్చించవలెను. ఒక సిర వ్యాసము 150 మైక్రోమీటర్లు, సగటు వేగము సెకనుకు 15 మిల్లీమీటర్లు అనుకొందము. ప్రవాహము నిమిషమునకు సుమారు 16 మైక్రోలీటర్లు. వ్యాసమును పొరపాటున 165గా చదివితిమా, ఫలితము 19 దాటును. కొలతలో పదోవంతు తప్పు, ఫలితములో అయిదోవంతును మించును.

వేగము సంగతియు అట్టిదే. 1972లో రీవా, రాస్, బెనెడెక్ లు లేసరు కాంతి డాప్లరు మార్పుతో నేత్రపటలపు ధమనులలో వేగమును కొలిచిరి. డాప్లరు పద్ధతిలో కాంతికిరణమునకు, నాళమునకు నడుమనున్న కోణము ముఖ్యము. అది 80 డిగ్రీల దరినున్నప్పుడు ఒక్క డిగ్రీ పొరబడినను వేగము పదోవంతు మారిపోవును.

అందుచేతనే తొలిదశ రోగులలో రక్తప్రవాహము హెచ్చునని కొందరు, తగ్గునని కొందరు వ్రాసిరి. పద్ధతియు, వ్యాధిదశయు, పరీక్షనాటి చక్కెరయు, రక్తపుపోటును చెప్పక ఈ ఫలితములను పోల్చుట తగదు.

ఇది మాటల పట్టింపు కాదు. తొలిదశలో ఈ జబ్బునకు నొప్పి యుండదు, చూపు తగ్గదు. "ప్రవాహము కొలిచిరి, బాగున్నదట" అని ధైర్యపడి, మరుసటి ఏడు పరీక్షకు పోని రోగికి నష్టము నిజమైనది. 1996–2000 నడుమ హైదరాబాదులోను, మూడు జిల్లాల పల్లెలలోను జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనము ఈ కొలతపై ఆధారపడలేదు. కనుపాప విప్పి, కంటి లోపలిని చూచి జబ్బును గుర్తించినది. నేటికిని మధుమేహరోగికి ఏటేట కావలసిన పరీక్ష అదియే.

నాళములు మూసుకొనకముందే ప్రవాహములోని మార్పును పట్టగల నిజమైన కొలత వచ్చిన మేలే. అంతవరకు ఉపాధ్యాయులు పిల్లలకు ఒక అలవాటు నేర్పవలెను: "కొలిచితిమి" అన్నవానిని, "ఏ ప్రమాణములో?" అని అడుగుట.