అనంతపురాన్ని సొంతూరు చేసుకున్న జంట

అనంతపురం పల్లెల్లో ఆర్డీటీ పేరు తెలియనివాళ్లు అరుదు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అన్న పూర్తి పేరు కాగితాల మీదే కనిపిస్తుంది. జనం నోట మాత్రం ఆర్డీటీ ఆసుపత్రి, ఆర్డీటీ ఇళ్లు, ఆర్డీటీ స్టేడియం. ఆ సంస్థను నిలబెట్టిన విన్సెంట్ ఫెర్రర్‌ను అక్కడివాళ్లు ‘ఫాదర్’ అనే పిలుస్తారు. ఆయన పుట్టింది స్పెయిన్‌లోని బార్సిలోనాలో, భార్య అన్నే పుట్టింది ఇంగ్లండ్‌లో.

1920లో పుట్టిన ఫెర్రర్ జెస్యూట్ అనే కేథలిక్ మతగురువుల సభలో చేరి 1952లో బొంబాయి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో పేద రైతులను కూడగట్టి బావులు తవ్వించారు. పేదలు ఆయన వెంట నడవడం పలుకుబడి ఉన్నవాళ్లకు కంటగింపైంది. 1968లో దేశం విడిచి వెళ్లాలని ఉత్తర్వు అందింది. వేలాది రైతులు ఆయన కోసం రోడ్డెక్కారు. ఇందిరాగాంధీ జోక్యంతో మళ్లీ రావడానికి వీలు కలిగి, 1969లో అనంతపురం చేరుకున్నారు. బొంబాయిలో విలేకరిగా ఉన్న అన్నే అప్పటికే ఆయన పనిలో భాగమయ్యారు. 1970లో ఫెర్రర్ సభ నుంచి బయటికొచ్చారు, ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.

వాళ్లు ఎంచుకున్న చోటు మామూలుది కాదు. నైరుతి గాలులను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య గాలులు రాయలసీమకు చేరేసరికి సత్తువ కోల్పోతాయి. ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. అది తప్పితే వేరుశనగ పోతుంది, వేరుశనగ పోతే వలసే. అందుకే బావులు, చెక్‌డ్యాములు, మొక్కల పెంపకం వాళ్ల పనిలో మొదటి నుంచీ ఉన్నాయి. స్పెయిన్‌లోని కుటుంబాలు ఒక్కో పిల్లాడి పేరున నెలనెలా కొంత పంపుతూ వచ్చాయి. ఆ డబ్బు ఆ ఒక్క ఇంటికి కాక ఊరందరి పనికీ ఖర్చయ్యేది. ఈ ఏర్పాటులోని మంచి ఇక్కడే ఉంది: సాయం అందిన ఇల్లూ అందని ఇల్లూ అని ఊరు రెండుగా చీలదు.

ఇళ్ల సంగతి కాస్త వివరంగా చూడాలి. దళితవాడల్లో బోద గుడిసెల స్థానంలో కట్టిన పక్కా ఇల్లు ఆ ఇంటి ఆడమనిషి పేరు మీదే ఉంటుంది. మగవాడు అప్పుల్లో పడినా ఇల్లు అమ్మలేడు. కోపమొచ్చి భార్యను బయటికి నెట్టాలన్నా ఆ ఇల్లు అతనిది కాదు. వందల ఉపన్యాసాలు చేయలేని పని ఆ ఒక్క కాగితం చేస్తుంది. మహిళా సంఘాల మీదా, వైద్యం మీదా అన్నే ఎక్కువగా దృష్టి పెట్టారు. ఫాదర్ పేరు వెనుక ఆమె శ్రమ మరుగున పడటం న్యాయం కాదు.

2000లో బత్తలపల్లిలో పెద్దాసుపత్రి మొదలైంది. కళ్యాణదుర్గం, కణేకల్లులోనూ ఆసుపత్రులు వచ్చాయి. హెచ్‌ఐవీ సోకినవాళ్లను బంధువులే గడప తొక్కనివ్వని రోజుల్లో బత్తలపల్లి ఆసుపత్రి వాళ్లను చేర్చుకుని వైద్యం చేసింది. వినికిడి లేని పిల్లలకు, చూపు లేని పిల్లలకు వేర్వేరు బడులు పెట్టారు. వికలాంగులు తమ సంఘాలు తామే నడుపుకునేలా చూశారు. ఆటల సంగతీ మరువలేదు. అనంతపురం క్రీడాగ్రామంలో క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్ నేర్పుతారు. 2010లో రఫేల్ నాదల్ పేరిట టెన్నిస్ బడి కూడా వచ్చింది.

ఫెర్రర్ 2009 జూన్ 19న అనంతపురంలోనే కన్నుమూశారు. బత్తలపల్లిలో ఖననం చేశారు. సంస్థ బాధ్యత అన్నే తీసుకున్నారు. అనంతపురంలో పుట్టి పెరిగిన కొడుకు మాంచో, పల్లె జనంతో తెలుగులోనే మాట్లాడుతూ అదే పనిలో కొనసాగారు.