నల్లరంగు కింద చెక్క

క్లారినెట్ అనగానే నల్లగా నిగనిగలాడే గొట్టం గుర్తొస్తుంది. ఆ నలుపు చాలావరకు పూసిందే. టాంజానియా, మొజాంబిక్ దేశాల్లో పెరిగే ఎంపింగో చెట్టు చేవతో చెక్క క్లారినెట్లను చేస్తారు. మన జిట్రేగికి దగ్గరి చుట్టం ఆ చెట్టు. చేవ ముదురు గోధుమ రంగులో, ఊదా ఛాయతో ఉంటుంది. నీళ్ళలో వేస్తే మునిగేంత బరువు. దానికి నల్లరంగు పట్టించి, నూనె రుద్ది అమ్మే కంపెనీలు చాలానే ఉన్నాయి. ఏళ్ళ తరబడి చెమటా వేళ్ళ రాపిడీ తగిలాక రంగు వెలిసి, గోధుమ మచ్చలు బయటపడతాయి.

అక్కడే చాలామంది ఉప్పు కాగితం అందుకుంటారు. వాద్యానికి అంతకంటే హాని ఇంకొకటి లేదు.

కంపెనీ ముద్ర చెక్కలో పైపైనే ఉంటుంది, నాలుగు రుద్దులకు మాయమవుతుంది. దానికంటే పెద్ద చిక్కు స్వర రంధ్రాల అంచులతో. మీట కింది ప్యాడ్ ఆ అంచు మీద సమంగా కూర్చుంటేనే గాలి బిగుస్తుంది. అంచు కాస్త గుండ్రబడినా గాలి కారి, స్వరం పలకదు. లోపలి గొట్టం వ్యాసం సుమారు 15 మిల్లీమీటర్లు. అందులో పదోవంతు మిల్లీమీటరు తేడా వచ్చినా శ్రుతి మారుతుంది. బయటి పూతకు ఆ శక్తి లేదు. గొట్టం గోడల కంపనం వల్ల నాదంలో చెప్పుకోదగ్గ తేడా రాదని భౌతిక శాస్త్రవేత్త జాన్ బ్యాకస్ 1964లోనే తేల్చాడు. పూత కంటికీ చేతికీ సంబంధించిన సంగతి, అంతే.

అందుకే తెలిసిన పనివాడు ముందు మీటలన్నీ విప్పుతాడు. మామూలు క్లారినెట్‌కు అవి 17. ఏ మర ఏ చోటిదో అక్కడికే తిరిగి చేరాలి కాబట్టి అట్టముక్కకు వరసగా గుచ్చి పెట్టుకుంటాడు. సూదుల్లాంటి ఉక్కు స్ప్రింగులను కదపడు. తర్వాత మెత్తటి బ్రష్షు, నూలుగుడ్డ, కాస్త నూనె. పూత పోయిందనుకున్నది కొన్నిసార్లు పేరుకున్న మురికే. మధ్యలో ఎవరో ఎనామెల్ పెయింటు కొట్టి ఉంటే, దాన్ని తగిన ద్రావకంలో తడిపిన దూదితో, చెక్కపుల్లతో కొంచెం కొంచెంగా ఊడదీయాల్సిందే. వాద్యాన్ని ద్రావకంలో నానబెట్టకూడదు. ఈ చెక్క ధూళి కొందరికి దద్దుర్లు తెప్పిస్తుంది గనక ముక్కుకు గుడ్డ తప్పదు.

కొత్త రంగు వేయాలంటే చెక్కలోకి ఇంకే స్పిరిట్ రంగు పలచగా పట్టించి, ఆరనిచ్చి, మళ్ళీ పట్టించాలి. ఆపైన నూనె రుద్ది, మిగిలినదంతా తుడిచేయాలి. అసలు నూనె అవసరమా అన్న విషయంలో తయారీదారులకే ఏకాభిప్రాయం లేదు. మందమైన వార్నిష్ మాత్రం వద్దు: రంధ్రాల అంచున గడ్డకట్టి ప్యాడ్‌ను కూర్చోనివ్వదు.

పాత వాద్యాల లెక్క వేరు. 18వ శతాబ్దపు క్లారినెట్లు ఎక్కువగా లేత పసుపు బాక్స్‌వుడ్‌వి. కొందరు తయారీదారులు నత్రికామ్లం పూసి వాటికి గోధుమరంగు తెప్పించేవారు. అది పైపూత కాదు, చెక్కలోనే పట్టిన రంగు. గీకితే చరిత్రే పోతుంది. ప్రాచీన వాతావరణాలను పరిశోధించిన కేంబ్రిడ్జి శాస్త్రవేత్త నికొలస్ షాకిల్టన్ (1937–2006) సేకరించిన క్లారినెట్లు ఇప్పుడు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. అలాంటి చోట అరిగిన మచ్చ కూడా ఆధారమే, ఏ వేలు ఎక్కడ ఆనేదో అది చెబుతుంది.

మన పెళ్ళి బ్యాండుల్లో ఎండకూ చెమటకూ నానే క్లారినెట్‌కు అంత పట్టింపు అక్కర్లేదు. దానికి రంగు వేస్తే తప్పులేదు. డబ్బు కొద్దిగానే ఉంటే మాత్రం ముందు ప్యాడ్‌లు మార్పించుకోవడం మేలు.