కారుణ్యం ఎవరి సొత్తు?

మా నాయన నెల్లూరు తీరాన ఆసాముల గొడ్లు కాసినాడు. అవి చస్తే ఈడ్చిందీ మావాళ్లే, తిన్నదీ మావాళ్లే. అందుకే అంటరానోళ్లన్నారు. 1927లో మహద్ సభలో అంబేడ్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమన్నాడు. అది ఆత్మగౌరవం మాట, కూటికి పాపం అంటగట్టే మాట కాదు.

ఇప్పుడు కొందరు 'దయతో పెంచిన జీవాన్నే తినండి' అంటున్నారు. కోళ్లను ఇనుపగూళ్లలో కుక్కడం హింసే, ఒప్పుకుంటాను. కానీ గొడ్డును దయగా సాకిన చేతుల్ని అంటరానివన్న దయను ఏమనాలి? మన ఒంగోలు జాతి బ్రెజిల్‌కు పోయి, మా జిల్లా పేరుతోనే 'నెలోర్' అయి, ప్రధానంగా మాంసానికే పెరుగుతోంది. అక్కడ అది గౌరవమైన వ్యాపారం. ఇక్కడ నా తరగతిలో ఓ బిడ్డ గొడ్డుకూర తెచ్చుకుంటే గిన్నెకు మూత అడ్డంపెట్టి తింటాది.

పశువు నొప్పిని లెక్కగట్టండి. ఆ మూతను కూడా లెక్కలో రాయండి.