పూటకూళ్లవానిని మరువవద్దు



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల సంఘములలో వైద్య మిషనరీల చరిత్రలను ఆదరముతో చెప్పుకొనుచున్నాము. అవి చెప్పదగినవే. అయితే వాటిని చెప్పు తీరులో ఒక లోపము కలదు. దానిని విచారింతము.

మనకు దగ్గరి మాదిరి గుంటూరు డాక్టరు అన్నా సారా కుగ్లర్ దొరసానిగారు. ఆమె 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జన్మించి, 1879లో వైద్య పట్టము పొంది, 1883లో గుంటూరు చేరిరి. పంపిన లూథరన్ సంఘమువారు వైద్యసేవకు ఇంకను సిద్ధపడక, ఇండ్లలోని స్త్రీలకు బోధించు పనికే ఆమెను నియమించిరి. 1885లో గాని వైద్య మిషనరీగా అంగీకరింపలేదు. ఆసుపత్రి తెరువబడినది 1898లో. ఆమె 1930లో గుంటూరులోనే కన్నుమూసిరి.

మనము చెప్పు కథలో ఏమున్నది? దొరసాని ఓడ దిగిరి, చీకటి తొలగెను, జనులు దీవించిరి. నడుమనున్న నలువది యేడు సంవత్సరములు ఏమైనవి? ఏ ఆసుపత్రియు ఒక్క డాక్టరుతో నడువదు. గాయము కడిగిన నర్సు, మందు కలిపిన కాంపౌండరు, నెత్తుటి గుడ్డలు ఉతికిన స్త్రీ మన కథలో లేరు. రోగుల బంధువులు తలదాచుకొనుటకు సత్రము కట్టించినవారు ఏలూరు జమీందారు రాజా భుజంగరావుగారు. ఆయన హిందువు. ఆ సంగతిని ఎందరు బోధకులు చెప్పుచున్నారు?

కుగ్లర్ గారు 1928లో ఆ సేవను గూర్చి గ్రంథము వ్రాసిరి. దానికి పెట్టిన పేరు గుంటూరు మిషన్ హాస్పిటల్ అనియే. మనము ఆసుపత్రికి ఆమె పేరు పెట్టితిమి. ఆమె తన గ్రంథమునకు ఆసుపత్రి పేరు పెట్టిరి. ఎవరు సరిగా చెప్పిరో మీరే యోచించుడి.

లూకా సువార్త పదియవ అధ్యాయము చూడుడి. సమరయుడు గాయములు కట్టి, మరునాడు రెండు దేనారములిచ్చి తన దారిన పోయెను. తరువాత ఆ రోగిని కనిపెట్టినవాడు పూటకూళ్లవాడు. మనము సమరయుని గూర్చి వంద ప్రసంగములు చేయుదుము. పూటకూళ్లవానికి ఒక్కటియు లేదు.

నేటి లోకములోను ఇట్లే యున్నది. 1971లో పారిస్ నగరమున పుట్టిన సరిహద్దులు లేని వైద్యులు అను సంస్థ 1999లో నోబెల్ శాంతి బహుమానము పొందెను. దాని పనివారిలో అధికులు ఆయా దేశములవారే. అయినను లోకము తలంచునది విమానము దిగిన డాక్టరునే. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మన తీరమునకును దూరపువారు వచ్చి సహాయముచేసి వెళ్లిరి. పిమ్మట ఏండ్ల తరబడి విధవలను, అనాథలను చూచుకొనినవారు ఇరుగుపొరుగువారే.

మిషనరీల త్యాగమును తగ్గించుచున్నానని తలంచవద్దు. కుగ్లర్ గారి గొప్పతనము వచ్చుటలో కంటె నిలిచియుండుటలో నున్నది. ఆమె సమరయుడును పూటకూళ్లవాడును అయిరి. వచ్చుటను మాత్రమే పొగడిన కథ, సేవ సముద్రము దాటి వచ్చునదనియు, మన వంతు చేయి చాచుటయే అనియు పిల్లలకు నేర్పును. అప్పుడు రేపల్లెలో రాత్రి మేల్కొని రోగిని కనిపెట్టు మన కుమార్తె తన పని సేవయని యెరుగదు.

కావున ఈసారి మీ సంఘములో ఇట్టి చరిత్ర చదువబడినప్పుడు, ఆ డాక్టరు ప్రక్కన నిలిచిన మన ఊరివారి పేర్లేవని అడుగుడి. పెద్దవారికి జ్ఞాపకమున్నంతలోనే వాటిని సంఘపు పుస్తకములో వ్రాయించుడి.